చెమట పట్టిందా... చలికి చిక్కినట్టే!

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జింకల వేటకు ముహూర్తం నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ ముందొచ్చే శనివారం. తుపాకీతో వేటాడే తొమ్మిది రోజుల సీజన్ ఆ రోజే మొదలవుతుంది. పొద్దు పొడవడానికి అరగంట ముందు నుంచే కాల్చుకోవచ్చు కాబట్టి, ఇంకా చీకటి ఉండగానే లక్షల మంది అడవిదారి పడతారు. ఉత్తరాది ఊళ్లలో ఆ వేళకి సున్నాకి పది డిగ్రీలు కిందికి దిగిపోవడం మామూలే. భుజాన తుపాకీ, వీపున సంచి, కాళ్ల కింద మంచు. మైలు నడిచేసరికి అంత చలిలోనూ వీపు తడిసిపోతుంది. అప్పుడు చెట్టుకు కట్టిన మంచె ఎక్కి కూర్చోవాలి. ఇక కదలకూడదు. చెయ్యి విదిల్చినా, కాలు ఆడించినా జింక పసిగట్టేస్తుంది. గంటో, మూడు గంటలో, ఒక్కోసారి సాయంత్రం దాకానో అలా బిగుసుకుని కూర్చోవడమే.

కొండలెక్కేవాడు నడుస్తూ వెచ్చబడతాడు, మంచుమీద జారేవాడు జారుతూ వెచ్చబడతాడు. వేటగాడికి ఆ వెసులుబాటు లేదు. ముందు చెమట పట్టించుకుని, తర్వాత ఆ చెమటలోనే రాయిలా కూర్చోవాలి. నీరు గాలి కంటే దాదాపు పాతిక రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అందుకే వేటబట్టల కొనుగోలంతా ఈ తడి చుట్టూనే తిరుగుతుంది. దుకాణంలో మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆకులూ కొమ్మలూ అచ్చేసిన, ఐదారు వందల డాలర్ల జాకెట్టును ముందు పెడతారు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు పగ్గాలు వేసింది, 1991 సవరణతో దాదాపు తెరే పడింది. ఇక ఈ బట్టల గొడవ మనకెందుకు? మినియాపొలిస్‌లోనో షికాగోలోనో బస్సు కోసం పరుగెత్తి, ఆ బస్సు తప్పిపోయి, స్టాపులో నిలబడి వణికే మన పిల్లల ఇబ్బందీ అచ్చం ఇదే కాబట్టి. కోఠీలో బేరమాడి కొనిపంపిన మోటు జాకెట్టు ఉన్నా లోపల నూలు బనియనే ఉంటుంది మరి.

అసలు దోషి ఆ బనియనే. నూలు చెమటను పీల్చుకుంటుంది, పట్టుకుని వదలదు. అక్కడి వేటగాళ్లు నూలును ప్రాణాలు తీసే గుడ్డ అనే అంటారు. ఒంటికి తగిలే మొదటి పొర పాలిస్టర్‌దో మెరినో ఉన్నిదో అయి తీరాలి. చేతిలో వంద డాలర్లే ఉంటే నన్నడిగితే సగం ఈ పొరకూ మేజోళ్లకూ పెట్టమంటాను. ఎవరికీ కనబడని బట్ట మీద అంత ఖర్చా అని ప్రాణం ఉసూరుమంటుంది. అయినా సరే.

రెండో పొర వేడిని పట్టి ఉంచేది. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చు. 1979లో మసాచుసెట్స్‌లోని మాల్డెన్ మిల్స్ అనే మిల్లు పాలిస్టర్‌తో మెత్తటి ఫ్లీస్ బట్టను తయారుచేసింది. దాని యజమాని ఆరన్ ఫ్యూయర్‌స్టీన్ దానికి పేటెంటు తీసుకోలేదు. దాంతో ఎవరు పడితే వాళ్లు నేసేశారు, ధర నేలకు దిగింది. ఈరోజు ఏ పాతబట్టల దుకాణానికి వెళ్లినా ఐదూ పది డాలర్లకు ఫ్లీస్ చొక్కాలు కుప్పలుగా దొరుకుతాయి. గాలిని మాత్రం ఆపలేదు. ఆ పని పైపొరది.

అయితే చవకలో చవక, మేలులో మేలు అంటే సైన్యం వదిలించుకున్న ఉన్ని ప్యాంట్లే. ఆర్మీ సర్‌ప్లస్ దుకాణాల్లో యూరప్ సైన్యాల పాత సరుకు వేలాడుతుంటుంది. బూడిదరంగు, దుప్పటంత మందం, ముతక. కొనేముందు దీపానికి ఎత్తి పట్టి చూడాలి. చిమ్మటలు కొట్టి ఉంటే సూదిమొనంత వెలుగుచుక్కలు కనిపిస్తాయి. మోకాళ్ల దగ్గర, కూర్చునే చోట వేలితో రుద్ది చూస్తే బట్ట పలచబడిందీ లేనిదీ తెలిసిపోతుంది. నడుము ఒకటి రెండు అంగుళాలు వదులుగా ఉన్నదే తీసుకోవాలి, లోపల ఇంకో పొర పట్టాలి కదా. ఈ ప్యాంటు మంచెమీద చప్పుడు చెయ్యదు. నైలాన్ ప్యాంటు తొడకు తొడ రాసుకుంటే చాలు, జింక చెవులు రిక్కిస్తుంది.

ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమను తాగినా ఒంటికి తడి తెలియనివ్వదు. తడిసినా వెచ్చదనం మొత్తంగా పోదు. తెలంగాణలో గొర్రెలకాపరి వానలో గొంగడి కొప్పు వేసుకుని మంద వెంట తిరిగేది ఈ భరోసాతోనే. పెన్సిల్వేనియాలో వుల్‌రిచ్ మిల్లు తయారుచేసిన ఎరుపు నలుపు గళ్ల ఉన్ని కోటును తరతరాల వేటగాళ్లు తొడిగారు. మిల్లు 2018లో మూతపడింది. తాతల నాటి ఆ కోట్లు పాతబట్టల దుకాణాల్లో ఇప్పటికీ తగులుతుంటాయి, తగిలితే వదలకూడదు.

మరి జింక కంట పడకుండా ఆకుల డిజైను అక్కర్లేదా? తుపాకీ సీజన్లో చట్టమే కనబడమంటోంది. విస్కాన్సిన్‌లో నడుముపైన వేసుకునే పైబట్టలో కనీసం సగం కళ్లు మిరుమిట్లు గొలిపే నారింజరంగో గులాబీరంగో ఉండాలి. తోటి వేటగాడి తూటా తగలకుండా అన్నమాట. జింకకు ఆ నారింజ మనకు కనబడినట్టు కనబడదు, మసకగా కలిసిపోతుంది. దాని కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది నీలం. అంటే జీన్స్ ప్యాంటుది రెండు విధాలా తప్పే, అటు నూలు, ఇటు నీలం. మామూలు కోటు మీద చవకరకం నారింజ వెయిస్ట్‌కోటు ఒకటి తగిలిస్తే చట్టమూ నెగ్గుతుంది, జేబూ నిలుస్తుంది.

పాదాల దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. చలికి ఒళ్లు మొదట చేసే పని వేళ్లకు రక్తం తగ్గించి గుండెకూ మెదడుకూ దాచుకోవడం. ఇరుకు బూటులో రెండు జతల మేజోళ్లు కుక్కితే ఆ మిగిలిన రక్తమూ ఆగిపోతుంది. ఒక సైజు పెద్ద బూటు, ఒకే జత మందపాటి ఉన్ని మేజోళ్లు. లోపలి ఫెల్టు పొర విడిగా ఊడివచ్చే బూట్లయితే రాత్రి దాన్ని తీసి ఆరబెట్టుకోవచ్చు. కొరియా యుద్ధం నాటి నల్లరబ్బరు సైనిక బూట్లను వాటి ఆకారం చూసి మిక్కీమౌస్ బూట్లంటారు. వికారంగా ఉంటాయి, బరువూ ఎక్కువే. కానీ ఉన్నిని రబ్బరు పొరల మధ్య మూసేసి చేశారు కాబట్టి లోపలికి నీళ్లు పోయినా ఒంపేసి తొడుక్కుంటే మళ్లీ వెచ్చబడతాయి.

తలలోంచే ఒంటివేడిలో సగం పోతుందన్న మాట నమ్మి టోపీకి వందలు పొయ్యక్కర్లేదు. పోయేది పదోవంతు దరిదాపుల్లోనే. చెవులు మూసే ఉన్ని టోపీ చాలు.

ఇన్ని కొన్నా, వేసుకునే తీరు తెలియకపోతే దండగే. పాతకాపులు చలికి వణుకుతూ బయల్దేరతారు. మందపు కోటు సంచికి కట్టేసి, పలచటి చొక్కాతో, గుండీలు విప్పుకుని, నెమ్మదిగా నడుస్తారు. మంచె దగ్గరికి చేరాక పది నిమిషాలు నిలబడి ఆవిరి పోనిచ్చి, తడిసిన లోపొర మార్చి, అప్పుడు కోటు తొడుగుతారు. విడిగా తెచ్చుకునే ఆ పొడి బనియను ఖరీదు ఎంత? వందల డాలర్ల జాకెట్టు చెయ్యలేని పని అది చేస్తుంది.

కోటు వెంట ఉండటం ఎంత అవసరమో 1940 నవంబరు 11 చెప్పింది. ఆర్మిస్టిస్ డే సెలవు. మిన్నెసోటాలో ఆ ఉదయం కాలానికి మించిన వెచ్చదనం. మిసిసిపీ నది లంకల్లోకి బాతుల వేటకు పలచటి చొక్కాలతో పోయారు జనం. మధ్యాహ్నానికి వాన, ఆ వెంటనే మంచుతుఫాను. అలలకు పడవలు పనికిరాలేదు. తడిసిన బట్టల్లోనే రాత్రంతా లంకల్లో చిక్కుకుపోయారు. ఆ రాష్ట్రంలో పోయిన 49 మందిలో సగం దాకా బాతుల వేటగాళ్లే. ఆకాశంలో బాతులు మాత్రం ఎన్నడూ లేనన్ని దిగాయట. తుఫానును అవి ముందే పసిగట్టి పారిపోతున్నాయని వేటగాళ్లకు తట్టలేదు.

ఇక ఎప్పుడు కొనాలంటే, అక్టోబరులో అసలు వద్దు. జనవరిలో దుకాణాలు వేటసరుకు ఖాళీ చేసుకునేటప్పుడు కొనండి. మొదటి ఏడు లోపొర, మేజోళ్లు, బూట్లు. పైకోటు కోసం ఒక సీజను పాత జాకెట్టుతో నెట్టుకురావచ్చు. ఉతికేటప్పుడు ఘుమఘుమలాడే సబ్బుపొడి, తెలుపు తళతళలాడించేది వాడొద్దు. వాసన జింక ముక్కుకూ, ఆ తళుకు దాని కంటికీ తగులుతాయి. ఉన్నిని చల్లనీళ్లలో చేత్తో జాడించి, పిండకుండా పరిచి ఆరబెట్టి, బాగా ఆరాక మూత బిగుసుకునే డబ్బాలో పెట్టండి. వేసవిలో చిమ్మట పడితే వచ్చే నవంబరుకి మళ్లీ సర్‌ప్లస్ దుకాణం చుట్టూ తిరగాలి.