ఈడ్చే కాళ్లన్నీ ఒకే రకం కావు
పక్షవాతం తర్వాతి నడకపై అపోహలు – వాస్తవాలు

మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరంలో వేట మీద, రొయ్యల గుంటల మీద బతికే ఇళ్లలో నడక ఆగితే సంపాదన ఆగుతుంది. అందుకే పక్షవాతం వచ్చిన మనిషి కాలు గురించి వినిపించే ఈ మాటల్లో నిజమెంతో తెలుసుకోవాలి.

అపోహ: కాలు పడిపోయిందంటే కండరాలు చచ్చిపోయినట్టే.
వాస్తవం: దెబ్బతిన్నది మెదడు. అక్కడ రక్తనాళం పూడుకుపోవడం వల్లో, చిట్లడం వల్లో కాలికి ఆజ్ఞలు సరిగా అందవు. కండరం బతికే ఉంటుంది. వాడకుండా వదిలేస్తే మాత్రం సన్నబడుతుంది.

అపోహ: అందరిదీ ఒకే బలహీనత, అందరికీ ఒకే వ్యాయామం.
వాస్తవం: పక్షవాతం వచ్చినవారు నడుస్తున్నప్పుడు కండరాల పనితీరును ఈఎంజీ అనే పరీక్షతో కొలిచిన పరిశోధకులు క్నుట్సన్, రిచర్డ్స్ 1979లోనే మూడు ప్రధాన లోపాలను వివరించారు. కొందరికి పాదం ఆనీ ఆనకముందే పిక్క బిగుస్తుంది. కొందరికి కండరాలు పలకడమే తక్కువ. ఇంకొందరికి ఎదురెదురు కండరాలు ఒకేసారి బిగిసి కాలు కొయ్యబారుతుంది. బిగువుకు చేసే చికిత్స వేరు, బలం పెంచే చికిత్స వేరు.

అపోహ: ఈఎంజీ అంటే కాలికి కరెంటు పెడతారు.
వాస్తవం: నడకలో చేసే ఈ పరీక్షకు చర్మం మీద చిన్న పట్టీలు అంటిస్తారు. అవి కరెంటు పంపవు; కండరం బిగిసినప్పుడు పుట్టే అతి స్వల్ప విద్యుత్తును పసిగడతాయి. మామూలు నడకలో ఒక్కో కాలు సుమారు 60 శాతం సమయం నేల మీద, 40 శాతం గాలిలో ఉంటుంది. గాలిలో ఉన్నప్పుడు మోకాలి కింద ముందువైపు కండరం పాదాన్ని ఎత్తి పట్టాలి. అది పలకకపోయినా, పిక్క బిగిసి అడ్డుపడినా వేళ్లు నేలకు రాసుకుంటాయి. ఆ రెంటిలో ఏది కారణమో ఈఎంజీ గీతలు చూపుతాయి.

అపోహ: ఇసుకలో నడిపిస్తే త్వరగా బాగవుతుంది.
వాస్తవం: ఆరోగ్యవంతులకే ఇసుకలో నడవడానికి గట్టినేల మీదకంటే రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. పాదం వాలిపోయే మనిషి అక్కడ తట్టుకుని పడవచ్చు. మొదట గట్టినేల మీద, పక్కన తోడుతో నడిపించాలి.

అపోహ: ఆరు నెలలు దాటితే ఆశ లేదు; పెద్ద యంత్రాలుంటేనే నడక వస్తుంది.
వాస్తవం: అమెరికాలో 408 మందితో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, ఏడాదికల్లా 52 శాతం మంది నడక మెరుగుపడింది. ఆరు నెలల తర్వాత ట్రెడ్‌మిల్ శిక్షణ మొదలుపెట్టినవారూ పుంజుకున్నారు. ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి చేయించిన వ్యాయామాలు ట్రెడ్‌మిల్‌కు తీసిపోలేదు.

ఈఎంజీతో నడక పరీక్ష అన్నిచోట్లా దొరకదు. అయినా అనుభవమున్న ఫిజియోథెరపిస్టు కాలిని చేత్తో వంచి, బిగువూ బలమూ చూసి, నడిపించి చాలావరకు తేల్చగలరు. వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: “మా నాయన బలం లేక కాలు ఈడుస్తుండాడా, బిగుసుకుపోయి ఈడుస్తుండాడా సార్?” జవాబు తెలిశాకే వ్యాయామాలు మొదలుపెట్టండి.