సముద్రానికో పద్దుల పుస్తకం!

"సముద్రానికి పద్దులు రాయడమేంటమ్మాయ్, అదేమన్నా పచారీ కొట్టా?" అంటారు మా అత్తయ్య. నా ఉద్యోగం నిజంగా అదే. నడిసముద్రంలో కార్బన్ ఏ జీవి నుంచి ఏ జీవికి ఎంత చేరుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం.

జమ తేలికే. కంటికి ఆనని ఫైటోప్లాంక్టన్ నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌ను ఎండ సాయంతో ఆహారంగా మార్చుకుంటుంది. దాన్ని జూప్లాంక్టన్ అనే నలుసంత జీవులు, వాటిని చిన్న చేపలు, ఆ చేపల్ని పెద్దవి తింటాయి. ఇంతవరకూ మనం బళ్లో చదువుకున్నదే. తిన్నదాంట్లో చాలావరకు ఊపిరికే ఖర్చు. పై మెట్టుకు దక్కేది సుమారు పదోవంతు.

చిక్కల్లా ఖర్చు దగ్గర! 1990ల్లో మన శాస్త్రవేత్తలు ఓడల్లో వెళ్లి అరేబియా సముద్రంలో కాలాల వారీగా శాంపిళ్లు తీశారు. వానాకాలంలో దండిగా ఉండే ఫైటోప్లాంక్టన్ మార్చి-మే నెలల్లో పలచబడిపోతుంది. రాబడి తగ్గితే తినే నోళ్లూ తగ్గాలి కదా? తగ్గలేదు. పై నీళ్లలో జూప్లాంక్టన్ ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకేలా ఉందని ఎం.మధుప్రతాప్ బృందం 1996లో ప్రచురించింది.

జీతం అయిపోయినా నెలాఖరు గడిచిందంటే, ఇల్లాలు పోపుల డబ్బాలో నాలుగు రాళ్లు దాచిందన్నమాట. ఇక్కడ ఆ డబ్బా బ్యాక్టీరియా. ఫైటోప్లాంక్టన్ నుంచి నీటిలోకి కారిపోయే కార్బన్‌ను బ్యాక్టీరియా తింటుంది. దాన్ని ఏకకణ జీవులు, వాటిని జూప్లాంక్టన్ తింటాయి. ఫరూక్ ఆజం, ఆయన సహచరులు 1983లోనే వివరించిన ఈ దారినే మధుప్రతాప్ బృందమూ జవాబుగా చూపింది.

ఈ సంగతి చదివి కూడా, నా మొదటి మోడల్‌లో బ్యాక్టీరియాను 'ఇతరములు' కింద కలిపేశాను. ఇంకేముంది, వేసవి వచ్చేసరికి కంప్యూటర్‌లో జూప్లాంక్టన్ మొత్తం ఆకలితో చచ్చిపోయింది! వారం రోజుల పని మళ్లీ మొదటికి.

ఇప్పుడు ప్రతి జీవికీ ఓ గడి, ప్రతి తిండికీ ఓ బాణం గీస్తున్నాను. గడిలోకి వచ్చింది, పోయింది, మిగిలింది సరిపోవాలి. ఓడలో కొలిచినవి కొన్ని బాణాలే. తక్కినవి 'ఏ జీవీ తిన్నదానికి మించి పెరగదు' లాంటి కట్టుబాట్లతో రాబట్టాలి. ఈ పద్ధతిని వెజినా, ప్లాట్ 1988లో సముద్రానికి వాడి చూపించారు.

మనం గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో పావు వంతు దాకా సముద్రాలే పీల్చుకుంటున్నాయి. అందులో కొంత చచ్చిన జీవులతో, రెట్టలతో అడుక్కి దిగి, వందల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. బ్యాక్టీరియా దారిలో మెట్లెక్కువ. మెట్టుమెట్టుకూ ఊపిరి ఖర్చే. చేపకు దక్కేదీ, అడుక్కి దిగేదీ తగ్గిపోతాయి. అందుకే ఆ ఒక్క బాణం మీద అంత తగువు.

అంతా విని అత్తయ్య, "ఇంతకీ ఆ డబ్బాలో ఎంతుందో తేలిందా?" అన్నారు. ఇంకా లేదత్తయ్యా. ఈ వారమంతా ఆ గడి దగ్గరే కూర్చున్నాను.