రిజర్వేషన్‌తో రైడ్ల క్యూ తగ్గుతుందా?

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 1999లో ‘ఫాస్ట్‌పాస్’ ఉచితంగా ప్రారంభమైంది. కేటాయించిన సమయానికి వచ్చినవారు ఎక్కువసేపు నిరీక్షించకుండా రైడ్ ఎక్కేవారు. 2021లో దాని స్థానంలో రుసుముతో కూడిన ‘లైట్నింగ్ లేన్’ వచ్చింది.

అయితే రిజర్వేషన్ వల్ల రైడ్ సామర్థ్యం పెరగదు. ఉదాహరణకు, గంటకు 1,000 మందిని ఎక్కించుకునే రైడ్‌లో 700 సీట్లు రిజర్వేషన్‌కు పోతే సాధారణ వరుసకు మిగిలేవి 300. అక్కడ 600 మందే ఉన్నా చివరివారు 2 గంటలు ఆగాలి. వరుస చూడటానికి చిన్నదే, నడక మాత్రం నత్తది. పైగా సమయం ఖరారైనవారు ఊరికే కూర్చోరు. ఈలోగా మరో రైడ్ వరుసలో చేరతారు. ఒకే వ్యక్తి ఏకకాలంలో రెండు వరుసల్లో ఉన్నట్లే.

ఒకప్పుడు పెందలాడే వచ్చినవారికి దక్కిన వెసులుబాటు ఇప్పుడు డబ్బు చెల్లించినవారికి దక్కుతోంది. రుసుము తలకింత చొప్పున కావడంతో నలుగురున్న కుటుంబానికి అది చిన్న ఖర్చేమీ కాదు.