మీకు తెలుసా? నదికి ఒక పడవ, కడలికి మరొకటి

కృష్ణానదిపై ముక్త్యాల నుంచి విజయవాడ వరకు ఉన్న 82 కిలోమీటర్ల దారి 4వ జాతీయ జలమార్గంలో మొదటి దశ. ఈ జలమార్గాన్ని 2008లో ప్రకటించగా, ఈ దశ పనులకు 2017 అక్టోబరు 3న శంకుస్థాపన జరిగింది. లోతు తక్కువైన ఇటువంటి నీటికి బల్లపరుపు అడుగున్న పడవే తగినది. అదే పడవకు పెద్ద మోటారు బిగించి బంగాళాఖాతంలో దూరప్రయాణానికి తీసుకుపోతే, దాని అడుగు అలను చీల్చలేక ప్రతి అలమీదా చరుచుకుని, మనుషుల వెన్నెముకలనూ పడవ అతుకులనూ దెబ్బతీస్తుంది.

అలను కోసుకుపోవాలంటే అడుగు రెండువైపుల నుంచి మధ్యకు వాలి ఉండాలి. ఈ వాలు పడవ వెనుక అంచు వద్ద కూడా 20 డిగ్రీలకు మించితే దానిని 'లోతైన వి-అడుగు' అంటారు. అమెరికా రూపకర్త రేమండ్ హంట్ గీసిన ఈ తరహా పడవ 'మోపీ' 1960 మయామీ-నాసౌ పందెంలో గెలిచిన తరువాత ఈ ఆకృతి విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది. అయితే ఇది నిలిచినచోట ఎక్కువగా ఊగుతుంది, ఇంధనమూ అధికంగా తాగుతుంది. కనుక ఇంధనంలో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగిలినది ఆపదకు అని లెక్కించుకోవడం నావికుల ఆచారం.

అలకు తగ్గట్టు పడవను మలచడం కొత్తేమీ కాదు: కోరమాండల్ తీరవాసులు ఇంజన్లు రాకముందే మేకులు లేకుండా కొబ్బరిపీచు తాళ్లతో పలకలు కుట్టి, అల తాకిడికి వంగి నిలిచే మసులా పడవలను నిర్మించారు. అది నిజంగా గొప్ప నేర్పు. నేడు తీరయాత్రకు మోటారు పడవ కొనదలచినవారు కూడా ఇంజను శక్తికన్నా ముందు అడుగు వాలు ఎంతో అడిగి తెలుసుకోవాలి.