క్లోమ క్యాన్సర్: శస్త్రచికిత్సా మార్గాలు - రోగి జీవన నాణ్యత

1. ఉపోద్ఘాతం:

జఠరానికి వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఒదిగి ఉండే గ్రంథి క్లోమం. జీర్ణరసాలను చిన్నపేగులోకి పంపడం, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్‌ను స్రవించడం దీని ప్రధాన విధులు. అందువల్ల క్లోమానికి చేసే శస్త్రచికిత్స ప్రభావం కణితి తొలగింపుతో ముగియదు. ఆ తరువాత రోగి తినే ప్రతి ముద్దపైనా ఉంటుంది. ఈ చికిత్సా ఫలితాన్ని రోగి ఎంతకాలం జీవించాడన్న దానితోపాటు ఎలా జీవించాడన్న దానితోనూ అంచనా వేయవలసి ఉందని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. శస్త్రచికిత్సకు అర్హత:

తొలిదశలో లక్షణాలు స్పష్టంగా కనిపించనందున ఈ వ్యాధి తరచుగా ఆలస్యంగా బయటపడుతుంది. నిర్ధారణ నాటికి శస్త్రచికిత్సకు వీలున్నవారు సుమారు 15 నుంచి 20 శాతం మాత్రమే. కణితి కాలేయం వంటి అవయవాలకు వ్యాపించిందా, సమీపంలోని ప్రధాన రక్తనాళాలను చుట్టుముట్టిందా అన్న అంశాలు ఈ అర్హతను నిర్ణయిస్తాయి. రక్తనాళాలను కొంతమేర తాకినప్పుడు ముందుగా కీమోథెరపీ ఇచ్చి, ఆపై శస్త్రచికిత్స అవకాశాన్ని పరిశీలిస్తారు.

3. శస్త్రచికిత్సా మార్గాలు:

3.1 విపుల్ శస్త్రచికిత్స: కణితి క్లోమం తలభాగంలో ఉన్నప్పుడు ఆ భాగంతోపాటు ఆంత్రమూలాన్ని, పిత్తాశయాన్ని, పిత్తనాళంలో కొంత భాగాన్ని, జఠరం చివరి భాగాన్ని తొలగించి, మిగిలిన వాటిని చిన్నపేగుతో కలుపుతారు. 1935లో ఈ తరహా శస్త్రచికిత్సను ప్రకటించిన అమెరికా వైద్యుడు అలెన్ విపుల్ పేరుతో ఇది ప్రసిద్ధమైంది. 1978లో ట్రావెర్సో, లాంగ్‌మైర్ జఠరాన్ని పూర్తిగా నిలిపి ఉంచే మార్పును ప్రచారంలోకి తెచ్చారు.

3.2 తోకభాగం తొలగింపు: కణితి క్లోమం నడుమ భాగంలో గాని తోకలో గాని ఉంటే ఆ భాగాన్ని, సాధారణంగా ప్లీహంతో సహా తొలగిస్తారు. ప్లీహం లేనివారికి కొన్ని అంటువ్యాధుల ముప్పు పెరుగుతుంది కనుక టీకాలు తప్పనిసరి.

3.3 సంపూర్ణ తొలగింపు: క్లోమం మొత్తాన్ని తీసివేసినప్పుడు జీవితాంతం ఇన్సులిన్, ఎంజైములు రెండూ అవసరమవుతాయి.

3.4 ఉపశమన చికిత్స: కణితిని తొలగించలేనప్పుడు మూసుకుపోయిన పిత్తనాళంలో స్టెంట్ అమర్చి గాని, పేగుతో ప్రత్యామ్నాయ మార్గం కల్పించి గాని కామెర్లను, వాంతులను తగ్గిస్తారు.

4. శస్త్రచికిత్సానంతర జీవనం:

తొలివారాల్లో నీరసం, ఆకలి మందగించడం, జఠరం ఆలస్యంగా ఖాళీ కావడం సాధారణం. ఆపై ఎదురయ్యే ముఖ్య సమస్య ఎంజైముల లోపం. కొవ్వు జీర్ణం కాక మలం జిడ్డుగా వెలువడుతుంది. రోగి తింటున్నా బరువు కోల్పోతాడు. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది దీనిని దాచుకుంటారు. పథ్యం పేరుతో నూనె, నెయ్యి మాన్పించే అలవాటు మన కుటుంబాల్లో ఉంది. అయితే ఎంజైము గుళికలను భోజనంతోపాటు తగిన మోతాదులో తీసుకుంటే సాధారణంగా కొవ్వును పూర్తిగా మానవలసిన పని లేదు. మానితే పోషణలోపం మరింత పెరగవచ్చు. ఈ గుళికలను సాధారణంగా పంది క్లోమం నుంచి తయారుచేస్తారు. శాకాహారులకు, మతనియమాలు పాటించేవారికి ఈ విషయాన్ని ముందుగానే తెలియజేయడం వైద్యనీతి.

5. జీవన నాణ్యత కొలమానం:

ఐరోపా క్యాన్సర్ పరిశోధన సంస్థ రూపొందించిన 30 ప్రశ్నల పట్టికను, క్లోమ క్యాన్సర్‌కు ప్రత్యేకించిన 26 ప్రశ్నల అనుబంధాన్ని పరిశోధకులు వినియోగిస్తున్నారు. నొప్పి, అరుగుదల, నిద్ర, భవిష్యత్తు గురించిన భయం వంటివి ఇందులో అంశాలు. శస్త్రచికిత్స వెంటనే క్షీణించిన జీవన నాణ్యత, కోలుకున్న చాలామందిలో కొన్ని నెలలకు మునుపటి స్థాయికి చేరువవుతుందని అధ్యయనాలు సూచిస్తున్నాయి.

6. ముగింపు:

1. కణితి స్థానం, వ్యాప్తి శస్త్రచికిత్సా మార్గాన్ని నిర్దేశిస్తాయి.
2. తొలగించిన భాగాన్నిబట్టి అరుగుదల, చక్కెర నియంత్రణ, రోగనిరోధక శక్తి మారతాయి.
3. ఈ మార్పులను శస్త్రచికిత్సకు ముందే రోగికి అర్థమయ్యే భాషలో వివరించాలి. అప్పుడే అతని అంగీకారం సంతకానికి పరిమితం కాక, తెలిసి తీసుకున్న నిర్ణయమవుతుంది.