వానపాములు పచ్చి తొక్కలు తినవు

బీరకాయ తొక్కు పచ్చడికి పోతుంది. అరటి తొక్కలు, కూరల తొడిమలు, కరివేపాకు ఈనెలు, టీ పిప్పి, వాడిన పూలు మాత్రం చెత్తబుట్టకే. వీటిని వానపాములకు అప్పగిస్తే రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువవుతాయి. అదే వర్మీ కంపోస్టు (వానపాముల ఎరువు). ఒకసారి మొదలుపెట్టి మానేసినవాళ్లు సాధారణంగా రెండు మాటలు చెబుతారు: కంపు కొట్టింది, పాములు చచ్చిపోయాయి. డబ్బాలో జరిగేదేమిటో తెలిస్తే ఈ రెండూ తప్పుతాయి.

వానపాముకు పళ్లుండవు. పచ్చి తొక్కను అది కొరకలేదు. ముందుగా బూజు, బ్యాక్టీరియా తొక్కను కుళ్లబెడతాయి. అలా మెత్తబడ్డ ముద్దనే, దాన్ని పట్టుకున్న సూక్ష్మజీవులతో సహా, వానపాము మింగుతుంది. లోపల గిజర్డ్ (ఆహారాన్ని నూరే కండరాల సంచి) ఉంటుంది. మింగిన ఇసుక రేణువులే అక్కడ తిరగలి రాళ్లు. అందుకే డబ్బాలో గుప్పెడు మట్టో, గుడ్డు పెంకుల పొడో వేయాలి. నలిగిన ముద్ద పేగులో మరికొంత మారి, సన్నటి రవ్వలా బయటికొస్తుంది. మనకు కావలసిన ఎరువు ఆ విసర్జనే.

ఇక కంపు సంగతి. పాములు తినగలిగినదానికన్నా ఎక్కువ వేస్తే ముద్ద గడ్డకడుతుంది, గాలి ఆడదు. అప్పుడు గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పెరుగుతాయి. దుర్వాసన వాటిదే. ఊరి బయట చెత్త గుట్టల అడుగున పెద్ద ఎత్తున జరిగేదీ ఇదే. అక్కడ మీథేన్ వాయువు పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. మన నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి చెత్తను ఇంట్లోనే వేరు చేయాలన్నాయి. వేరు చేసిన తడి చెత్త ఇల్లు దాటకపోతే లారీ బరువు, గుట్ట ఎత్తు ఆ మేరకు తగ్గుతాయి.

పాములు చావడానికి కారణం వేరు. వానపాముకు ఊపిరితిత్తులు లేవు, చర్మంతోనే శ్వాసిస్తుంది. చర్మం ఆరిపోతే ఊపిరి ఆగుతుంది. నీళ్లు నిలిచినా గాలి అందదు. కాబట్టి డబ్బా అడుగున రంధ్రాలుండాలి. లోపలి ముద్దను పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. ఉప్పు ఆ చర్మం నుంచి నీటిని లాగేస్తుంది. మిగిలిన కూర, పచ్చడి, చారు వేయకూడదు. చింతపండు పిప్పి, నిమ్మతొక్కల పులుపు కూడా పడదు.

మన దగ్గర అసలు పరీక్ష ఎండాకాలమే. 35 డిగ్రీలు దాటితే వానపాములకు కష్టం. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద కాంక్రీటు వేడికి ప్లాస్టిక్ టబ్బు పొయ్యి మీది గిన్నె అవుతుంది. మిద్దె తోట ఎంత ముద్దుగా ఉన్నా ఈ డబ్బాను అక్కడ ఉంచొద్దు. కిందికి దించి నీడలో పెట్టండి, తడి గోనెసంచి కప్పండి. చీమలు పడితే కాళ్లున్న స్టాండు మీదికి ఎక్కించి, ఒక్కో కాలి కింద నీళ్ల పళ్లెం పెట్టండి.

పొలంలో తవ్వి తెచ్చిన వానపాములు ఈ పనికి సరిపోవు. వాటిలో చాలావాటికి మట్టి లోపలే ఇల్లు. పైపొరల్లో, పేడలో, ఆకుల కుళ్లులో బతికే రకాలు కావాలి. ఐసీనియా ఫెటిడా అనే ఎర్ర రకం, యూడ్రిలస్ యూజీనియే అనే ఆఫ్రికా రకం ఎక్కువగా వాడతారు. అడుగున కొబ్బరి పొట్టు, ఆ పైన మాగిన పశువుల పేడ పరిచి వాటిని వదలాలి. పచ్చి పేడ వేడెక్కుతుంది, అది వద్దు.

ఎరువు తీయడానికి జల్లెడతో తంటాలు పడక్కర్లేదు. కొన్నాళ్లు డబ్బాలో ఒక పక్కనే మేత వేయండి. పాములు చాలావరకు అటు జరుగుతాయి, రెండో పక్క ఎరువు తీసుకోవచ్చు.

మొదటి వారం గుప్పెడు తొక్కలు చాలు. సన్నగా తరిగి వేసి, పైన ఎండుటాకులు కప్పండి. ఆ తొక్కలు ఆనవాలు లేకుండా పోయాకే మళ్లీ వేయండి.