మెతుకుకు కాదు, మొత్తానికి జల్లెడ

హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఆనుకుని తార్నాక. ఆ తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు పుట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చింది. 1972లో దీని ఆధ్వర్యంలో ఏర్పడిన పోషకాహార పర్యవేక్షణ బ్యూరో, పల్లెల్లో ఎవరు ఏం తింటున్నారో దశాబ్దాలపాటు లెక్క కట్టింది. సిబ్బంది ఇంటింటికీ వెళ్లి వంటకు తీసిన బియ్యం, పప్పు, నూనె తూకం వేసేవారు. లేదా నిన్న తిన్నదేమిటో గిన్నెల కొలతతో అడిగి రాసుకునేవారు.

ఇటువంటి లెక్కల్లో ఒక్కో ఇంటికి ఒకే వరుస ఉండదు. బియ్యానికొకటి, పప్పుకొకటి, నూనెకొకటి. చిక్కంతా ఇక్కడే.

ఇప్పుడు లెక్కల పుస్తకాల స్థానంలో కంప్యూటర్ తెర వచ్చింది. తెరమీద పటాలు, పట్టికలు. పక్కనే ఒక గీత, దానిమీద జరిగే గుండీ. దీన్ని స్లైడర్ అంటారు. గుండీని 2000 దగ్గర నిలిపి, రోజుకు అంతకంటే తక్కువ కేలరీలు తినే ఇళ్లను చూపమంటే చూపాలి. వినడానికి తేలికే.

ఉదాహరణకు, ఒంటరిగా వండుకునే ఒకాయన తిండి చూద్దాం. బియ్యం 400 గ్రాములకు సుమారు 1400 కేలరీలు. కందిపప్పు 30 గ్రాములకు 100. నూనె 20 గ్రాములకు 180. కూర, మజ్జిగ కలిపి 120. మొత్తం 1800. ఈయన జాబితాలోకి రావలసిందే. అలాగే ఒంటరిగా ఉండే పక్కింటాయన మొత్తం 2600 అనుకుందాం. ఆయనకూ బియ్యంతో సహా ఏ ఒక్క వరుసా 2000 దాటదు. స్లైడర్ వరుసలను పట్టుకుని వడపోస్తే ఇద్దరూ అర్ధాకలి జాబితాలో పడతారు. 2000 పైన తినేవారిని చూపమంటే ఈ ఇద్దరిలో ఒక్కరూ కనిపించరు! సాయం ఎవరికి అందాలో ఇలాంటి తెర చూసి తేల్చితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కనుక ముందు కూడాలి, తర్వాతే వడపోయాలి. ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలో ఇందుకు రెండు వేర్వేరు మాటలే ఉన్నాయి. 'వేర్' కూడకముందు వరుసలను ఏరుతుంది. 'హావింగ్' కూడిన తర్వాత మొత్తాలను ఏరుతుంది. పవర్ బీఐ వంటి వాటిలో అప్పటికప్పుడు లెక్కగట్టే మొత్తాన్ని స్లైడర్‌కు నేరుగా తగిలించే వీలు సాధారణంగా ఉండదు. అందువల్ల గుండీకి ఉత్త అంకెల పట్టికను విడిగా ఇస్తారు. ఇంటి మొత్తం ఆ హద్దులో ఉంటే 1, లేకుంటే 0 అనే సూత్రం రాసి, 1 వచ్చిన ఇళ్లనే తెరమీద ఉంచుతారు. మొత్తాలను ముందే కూడి దాచుకోవడం ఇంకా సులువే గాని, కోతల నెల ఒక్కటే చూపమన్నా అవి ఏడాది మొత్తాన్నే పట్టుకు కూర్చుంటాయి.

ఇంతా చేసి, ఎవరి మొత్తం అన్న ప్రశ్న మిగులుతుంది. పోషకాహార సర్వేల్లో కూర్చుని పనిచేసే పురుషుణ్ణి 1 యూనిట్‌గా, అటువంటి స్త్రీని 0.8గా లెక్కిస్తారు. కాయకష్టం చేసే పురుషుడికి 1.6, స్త్రీకి 1.2. ఎనిమిదేళ్ల పిల్లకు 0.7, నాలుగేళ్ల పిల్లాడికి 0.5. ఈ నలుగురూ ఉన్న కూలి కుటుంబానికి సరిగ్గా 4 యూనిట్లు. వారి రోజు తిండి 7200 కేలరీలైతే యూనిట్‌కు 1800. ఇంటిపట్టున ఉండే వృద్ధ దంపతులకు 1.8 యూనిట్లు, వారి తిండి 4140 అయితే యూనిట్‌కు 2300.

గుండీని ఇంటి మొత్తం మీద 5000 దగ్గర పెడితే వృద్ధులు జాబితాలోకి వస్తారు, కూలి కుటుంబం జారిపోతుంది. యూనిట్ మీద 2000 దగ్గర పెడితే కూలి ఇల్లు కనిపిస్తుంది.